మువ్వగోపాల పదకర్త – క్షేత్రయ్య

పాఠ్యాంశ పరిచయం

పాటను తానే రచించి, తానే రాగతాళాలలో కూర్చి, తానే పాడగలిగిన విద్వాంసుని వాగ్గేయకారుడు అంటారు. తాళ్లపాక అన్నమాచార్యుడు, క్షేత్రయ్య, భద్రాచల రామదాసు, త్యాగయ్య తెలుగు వాగ్గేయకారులలో ప్రముఖులు. వీరిలో క్షేత్రయ్య మార్గం విలక్షణమైనది. భక్తుడు భగవంతుని ముందు నిలిచి పాడుకొనే కీర్తన కాదు ఆయనది. ఒక నాయిక తన మనసులోని మాటను చెలికత్తెతోనో, ప్రియునితోనో చెప్పుకొనే పదం ఆయనది. అది పాడేవారి గొంతులో, అభినయించేవారి కన్నులలో పూర్తి అవుతుంది. పదకర్తకూ, పదాన్ని ప్రదర్శించే కళాకారులకూ మధ్య ఏర్పడిన మైత్రి ఒక మహాకళను మూడు శతాబ్దాలకు పైగా ఎలా నిలిపిందో ఈ పాఠంలో తెలుసుకొందాం.

జన్మస్థలం – కాలం

కృష్ణానది సముద్రాన్ని సమీపించే కొద్దీ నేల చదునై, కాలువలు శాఖోపశాఖలుగా చీలి, పొలాలు పచ్చని తివాచీలవలె పరచుకొంటాయి. ఈ డెల్టా ప్రాంతంలో, కృష్ణాజిల్లాలో, మొవ్వ అనే గ్రామం ఉంది. నాట్యకళకు పుట్టినిల్లుగా లోకప్రసిద్ధి పొందిన కూచిపూడి ఈ మొవ్వ మండలంలోనిదే. సిద్ధేంద్రయోగి భామాకలాపం ఒక ఊరిలో వేళ్లూనుకొంటే, క్షేత్రయ్య పదం దాని పొరుగూరిలో మొలకెత్తింది. ఒకే నీరు పారిన నేల మీద రెండు మహాకళలు రూపు దిద్దుకొనడం విశేషం.

క్షేత్రయ్య అసలు పేరు వరదయ్య. మొవ్వలో వెలసిన వేణుగోపాలస్వామి ఆయన ఇష్టదైవం. అందుచేతనే ఆయన పదాలలో మువ్వగోపాల అనే ముద్ర కనిపిస్తుంది. పాట ఎవరిదో తెలిపే సంకేతపదాన్ని ముద్ర అంటారు. జన్మస్థలం విషయంలో భిన్నాభిప్రాయాలు లేకపోలేదు. అయినా ఈ ముద్రను ఆధారం చేసుకొని కృష్ణాతీరంలోని మొవ్వయే ఆయన స్వగ్రామమని పలువురు విద్వాంసులు నిర్ణయించారు. ఆయన ఆశ్రయించిన ప్రభువులను బట్టి ఆయన క్రీ.శ. 17వ శతాబ్దానికి చెందినవాడని స్పష్టమవుతున్నది. అనేక పుణ్యక్షేత్రాలను దర్శించి, అక్కడి దేవుళ్లపై పదాలు చెప్పినందున వరదయ్యకు క్షేత్రయ్య అనే పేరు స్థిరపడింది. ఆ పేరే నిలిచి, అసలు పేరు మరుగున పడింది.

మోహనాంగి కథ

క్షేత్రయ్య యౌవనాన్ని గురించి ప్రచారంలో ఉన్నవి ఐతిహ్యాలు. వాటిలో ప్రధానమైనది మోహనాంగి కథ. మోహనాంగి మొవ్వ ఆలయంలో నాట్యసేవ చేసే దేవదాసి. సంగీతంలో, అభినయంలో ఆరితేరిన విదుషీమణి. ఆమెయు వరదయ్యయు ఒకే గురువు వద్ద చదువుకొన్నారని ఒక కథ. తనపై మనసు పడిన వరదయ్యను, తన విద్యకు సాటి రాగల విద్యను సంపాదించి రమ్మని ఆమె హెచ్చరించిందని మరొక కథ. అప్పుడు వరదయ్య వేణుగోపాలుని సన్నిధిలో తపస్సు చేసి, స్వామి అనుగ్రహంతో పదకర్త అయ్యాడని చెబుతారు.

ఈ కథలో చరిత్ర ఎంతో, కల్పన ఎంతో తూచి చెప్పడం మన పని కాదు. కాని తెలుగువారు ఈ కథను తరతరాలుగా ఎందుకు చెప్పుకొన్నారో ఆలోచించదగిన విషయం. ఒక గొప్ప పదకర్త పుట్టుకకు కారణం ఒక గొప్ప నర్తకి అని ఈ కథ చెబుతున్నది. ఆమె అడగకపోతే అతడు రచించి ఉండేవాడు కాడు. అతడు రచించకపోతే ఆమె విద్యకు తగిన వస్తువు దొరికేది కాదు. క్షేత్రయ్య పదాలను పరిశీలించిన వారికి ఈ భావం సత్యదూరం కాదని తోస్తుంది. నర్తకుల కళను దగ్గరగా చూడనివాడు, వారి సంభాషణా ధోరణి ఎరుగనివాడు అటువంటి పదాలు చెప్పజాలడు.

పదం – దాని స్వరూపం

పదం అనే మాటకు పూర్వం పాట అని సామాన్యార్థం. అన్నమాచార్యుని సంకీర్తనలను కూడా పదాలనే వ్యవహరించారు. క్షేత్రయ్య తరువాత ఆ మాటకు ప్రత్యేకార్థం వచ్చింది. శృంగారరస ప్రధానమై, విలంబకాలంలో, అంటే నెమ్మదైన నడకతో సాగుతూ, అభినయానికి అనువుగా ఉండే గేయం పదం అయింది. పదానికి పల్లవి, అనుపల్లవి, చరణాలు అంగాలు. ఆనందభైరవి, కాంభోజి, ముఖారి, సహాన, ఘంట, సురటి, హుసేని వంటి రాగాలు ఇందులో తమ నిండుదనాన్ని చూపుతాయి. క్షేత్రయ్య పదాలలో ఒక రాగం ఎలా నడుస్తుందో గమనించి, దాని లక్షణాన్ని నిర్ణయించుకొనే విద్వాంసులు నేటికీ ఉన్నారు.

పదం వేలమంది ముందు ప్రదర్శించదగిన కళ కాదు. ఒక గాయని, ఒక మద్దెల లేక మృదంగం, శ్రుతి కోసం తంబుర, ఒక నర్తకి, రసజ్ఞులైన కొద్దిమంది శ్రోతలు ఉంటే చాలును. రాజుగారి కొలువుకూటమి, ఆలయ మండపం, కళాకారిణి ఇంటి చావడి దానికి తగిన తావులు. దగ్గరగా కూర్చున్నవారికే కనుబొమ్మ కదలిక తెలుస్తుంది. నిశ్శబ్దంగా ఉన్నవారికే గమకంలోని సన్నని జారుడు వినిపిస్తుంది. నర్తకి కూర్చుండియే పదానికి అభినయం పట్టే సంప్రదాయం కూడా ఉంది.

క్షేత్రయ్య పదాలలో మాట్లాడేది ఎక్కువగా నాయిక. ఆలంకారికులు నాయికలను అవస్థను బట్టి ఎనిమిది విధాలుగా విభజించారు. ప్రియుని కోసం ఇల్లు అలంకరించుకొని ఎదురు చూచే నాయిక వాసకసజ్జిక. అతడు వేరొకతె ఇంట రాత్రి గడిపి తెల్లవారి వచ్చినప్పుడు కోపించే నాయిక ఖండిత. కలహించి పంపివేసి, పిమ్మట పశ్చాత్తాపపడే నాయిక కలహాంతరిత. ఇటువంటి విభాగాలు శాస్త్రగ్రంథాలలో లక్షణాలుగా ఉన్నాయి. క్షేత్రయ్య వాటికి ప్రాణం పోశాడు. ఆయన నాయికలు శాస్త్రం చదివి మాట్లాడరు. ఇరుగుపొరుగు స్త్రీలు మాట్లాడుకొనే తెలుగులో దెప్పుతారు, నవ్వుతారు, అలుగుతారు, వేడుకొంటారు. వీరిలో ముగ్ధలు ఉన్నారు, ప్రౌఢలు ఉన్నారు, తమ విలువ తెలిసి ధైర్యంగా మాట్లాడే వేశ్యానాయికలు ఉన్నారు.

ఇక్కడ గుర్తించవలసిన విశేషం మరొకటి ఉంది. అనేక పదాలలో నాయిక తన గోడు వెళ్లబోసుకొనేది సఖితో. ప్రియుడు వచ్చిననాడు ఆనందాన్ని పంచుకొనేది ఆమెతోనే, రానినాడు రాయబారం పంపేది ఆమెనే. కాబట్టి ఈ పదాలలో ప్రేమ ఎంత ఉందో, స్నేహం అంత ఉంది. వింటున్న రసికులు సైతం ఆ సఖి స్థానంలో కూర్చున్నట్లు భావించుకొంటారు.

కర్త విడిచిన చోటు

పదం పాడేటప్పుడు ఒకే పంక్తిని పలుమార్లు పాడుతారు. పాడిన ప్రతిసారీ నర్తకి దానికి కొత్త అర్థం చూపుతుంది. ఉదాహరణకు, ప్రియుని రమ్మని పిలిచే మాట ఒకటి ఉన్నదనుకొందాం. మొదటిసారి ఆ పిలుపు వేడుకోలుగా ఉంటుంది. రెండవసారి పాత రోజుల జ్ఞాపకం దానిలో కలుస్తుంది. మూడవసారి చిన్న పరిహాసం తొంగి చూస్తుంది. నాలుగవసారి మాట అదే అయినా, ఇక రాడని తెలిసిన నిరాశ ముఖంపై కనిపిస్తుంది. ఇలా ఒక భావాన్ని అనేక విధాల విస్తరించడాన్ని సంచారి అంటారు. గాయని కూడా నర్తకి ముఖాన్ని కనిపెట్టి, ఆ భావానికి తగినట్లు సంగతులు మారుస్తుంది.

దీనికి అవకాశం కల్పించినవాడు పదకర్త. అన్నీ తానే చెప్పివేసిన పాటలో అభినయానికి చోటు ఉండదు. క్షేత్రయ్య మాటలను పొదుపుగా, తేలికగా వాడాడు. సమాసాలతో పంక్తిని బరువెక్కించలేదు. తాను చెప్పక విడిచిన దానిని కళాకారిణి చెప్పగలదని ఆయనకు నమ్మకం. ఆ నమ్మకమే పదానికి పునాది. తన రచనను మరొకరి చేతిలో పెట్టి, దానిని పెంచే స్వాతంత్ర్యం ఇవ్వడం నిజమైన మైత్రికి లక్షణం.

క్షేత్రయాత్ర – రాజసభలు

మొవ్వ నుండి బయలుదేరిన క్షేత్రయ్య దక్షిణదేశమంతా సంచరించాడు. తిరుపతి, కంచి, శ్రీరంగం, చిదంబరం మొదలైన క్షేత్రాలను దర్శించాడు. ఏ క్షేత్రానికి వెళ్లినా ఆ దైవంలో తన మువ్వగోపాలునే చూచాడు. ఆ ప్రయాణంలోనే ఆయనకు రాజాస్థానాలతో పరిచయం కలిగింది.

ఆ కాలంలో తమిళదేశంలోని మధుర, తంజావూరు రాజ్యాలను తెలుగు నాయకరాజులు పాలించేవారు. వారి సభలలో తెలుగు కావ్యాలు, యక్షగానాలు, పదాలు వర్ధిల్లాయి. మధురను 1623 నుండి 1659 వరకు పాలించిన తిరుమలనాయకుడు, తంజావూరును 1673 వరకు పాలించిన విజయరాఘవనాయకుడు క్షేత్రయ్యను ఆదరించారు. గోల్కొండ పాదుషా కూడా ఆయన పదాలను విన్నాడు. ఆ కాలంలో గోల్కొండ సింహాసనంపై ఉన్నవాడు అబ్దుల్లా కుతుబ్‌షా. ఒక పదంలో క్షేత్రయ్యయే ఈ ముగ్గురినీ స్మరించి, మధుర ప్రభువుకు 2,000, తంజావూరు ప్రభువుకు 1,000, గోల్కొండ ప్రభువుకు 1,500 పదాలు వినిపించినట్లు లెక్క చెప్పుకొన్నాడు. మతభేదం, ప్రాంతభేదం లేకుండా తెలుగు పదం మూడు రాజ్యాలలో సింహాసనాల ముందు వినిపించిందని దీనివలన తెలుస్తున్నది.

వీటిలో తంజావూరు సభ ప్రత్యేకంగా చెప్పుకోదగినది. విజయరాఘవనాయకుడు స్వయంగా కవి. ఆయన ఆస్థానంలో పసుపులేటి రంగాజమ్మ వంటి విదుషీమణులు కావ్యాలు, యక్షగానాలు రచించారు. నాట్యం, గానం తెలిసిన స్త్రీలకు ఆ సభలో గౌరవస్థానం ఉండేది. పదకర్తకు కావలసిన కళాకారులు, కళాకారులకు కావలసిన పదకర్త ఒకచోట కలిసిన సభ అది. విజయరాఘవుని నాయకునిగా చేసి కూడా క్షేత్రయ్య పదాలు చెప్పాడు.

ఈ సభను గురించి ఒక కథ ప్రచారంలో ఉంది. రాజు క్షేత్రయ్యను విశేషంగా సన్మానించడం చూచి కొందరు ఆస్థానపండితులు అసూయపడ్డారు. వాడుక మాటలతో అల్లిన పాటలలో ఏమి గొప్ప ఉన్నదని ఆక్షేపించారు. అప్పుడు క్షేత్రయ్య కాంభోజి రాగంలో ఒక పదం చెప్పి, చివరి చరణాన్ని అసంపూర్తిగా విడిచి, తాను రామేశ్వరయాత్ర చేసి వచ్చేలోగా దానిని పూరించవలసిందిగా పండితులను కోరాడు. వారు ఎంత ప్రయత్నించినా ఆ నాయిక మాటతీరు వారికి పట్టుబడలేదు. తిరిగి వచ్చిన క్షేత్రయ్య తానే దానిని పూర్తి చేయగా, పండితులు తమ తప్పును ఒప్పుకొన్నారు. సులభంగా కనిపించే మాట వెనుక ఎంత సాధన ఉంటుందో ఈ కథ తెలుపుతున్నది.

దేశాంతరాలలో ఇటువంటి మైత్రి

రచయితకూ, ప్రదర్శకునికీ మధ్య ఇటువంటి బంధం ఇతరదేశాలలో కూడా గొప్ప సంగీతానికి కారణమైంది. ఐరోపాలో కొద్దిమంది వాద్యకారులు ఒక గదిలో కూర్చుండి వాయించే సంగీతాన్ని ఛేంబర్ సంగీతం అంటారు. మొజార్ట్ అనే స్వరకర్త తన మిత్రుడైన స్టాడ్లర్ అనే క్లారినెట్ విద్వాంసుని కోసం 1789లో ఒక పంచవాద్యరచన చేశాడు. రచన ఇక చాలించాలని తలపెట్టిన బ్రామ్స్ అనే మరొక స్వరకర్త, మ్యూల్‌ఫెల్ట్ అనే విద్వాంసుని క్లారినెట్ విని, 1891లో తిరిగి కలం పట్టాడు. వారి సంగీతం కాగితంపై వ్రాసిన స్వరాలలో నిలిచి ఉంది. క్షేత్రయ్య పదాల చరిత్ర అటువంటిది కాదు. ఆయన పదాలు నిలిచింది ప్రధానంగా మనుషుల కంఠాలలో. అందుచేత ఆ కంఠాలు మూగపోతే పదాలు కూడా మరణించవలసిందే.

పదాన్ని కాపాడినవారు

క్షేత్రయ్య అనంతరం ఆయన పదాలను కాపాడినవారు ముఖ్యంగా దేవదాసీ కుటుంబాల స్త్రీలు, వారికి విద్య నేర్పిన గురువులు. తల్లి కూతురికి, అమ్మమ్మ మనుమరాలికి పదాలను నోటితో నేర్పేవారు. తంజావూరు రాజ్యం పతనమైన తరువాత, కాలక్రమాన ఈ విద్యకు చెన్నపట్నం ఆశ్రయమైంది.

అక్కడి జార్జిటౌనులో నివసించిన వీణ ధనమ్మాళ్ (1867–1938) ఈ పరంపరలో చిరస్మరణీయురాలు. ఆమె బాలదాసు నాయుడు అనే అంధవిద్వాంసుని వద్ద క్షేత్రయ్య పదాలను నేర్చుకొన్నారు. శుక్రవారం సాయంకాలాలలో ఆమె ఇంట జరిగే వీణాగానం వినడానికి నగరంలోని మేటి విద్వాంసులు వచ్చేవారు. ధర్మపురి సుబ్బరాయర్ ఆమెకు మిత్రుడు. పదం కంటె చురుకైన నడక గల తెలుగు జావళీలను ఆయన రచించగా, ఆమె ఇంటివారు వాటికి ప్రచారం కల్పించారు. మోహనాంగి కథలో మనం విన్న బంధమే రెండువందల సంవత్సరాల తరువాత చెన్నపట్నంలో మరొక రూపంలో ప్రత్యక్షమైంది. ధనమ్మాళ్ మనుమరాండ్రయిన బృందా, ముక్తా పదగానంలో ప్రమాణంగా నిలిచారు. మరొక మనుమరాలు బాలసరస్వతి (1918–1984) తన తల్లి జయమ్మాళ్ పాడుతూ ఉండగా పదాలను అభినయించి ప్రపంచఖ్యాతి పొందారు.

ఈ బాలసరస్వతికి అభినయవిద్య నేర్పిన గురువులలో కూచిపూడికి చెందిన వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రి ఒకరు. కూచిపూడిలో పూర్వం స్త్రీపాత్రలను పురుషులే ధరించడం ఆచారంగా ఉండేది. స్త్రీ మనసును పురుషుడు ఆవాహన చేసుకొని సత్యభామగా రంగంపై నిలవడం అక్కడి విద్య. స్త్రీ మనసును పురుషుడు ఆవాహన చేసుకొని పదంగా పలకడం క్షేత్రయ్య విద్య. ఈ రెండు విద్యలకు గల బంధుత్వాన్ని గ్రహించిన లక్ష్మీనారాయణశాస్త్రి పదాభినయంలో అసమానుడని పేరు పొందారు. మొవ్వలో పుట్టి తమిళదేశం చేరిన పదానికి, మొవ్వ పొరుగూరి గురువు తమిళదేశపు నర్తకికి అభినయం నేర్పడం చరిత్రలోని ఒక చక్కని సంఘటన.

నష్టం – రక్షణ

19వ శతాబ్దం చివరి నుండి దేవదాసీ వ్యవస్థపై ఉద్యమాలు బయలుదేరాయి. ఆంధ్రదేశంలో కందుకూరి వీరేశలింగం ఈ వ్యవస్థను తీవ్రంగా ఖండించారు. బాలికలను చిన్ననాడే ఆలయాలకు అంకితం చేసి, వారి జీవితాన్ని వారి ఇష్టానికి వదలని దురాచారాన్ని మాన్పడం న్యాయమైన పని. డాక్టర్ ముత్తులక్ష్మిరెడ్డి వంటి వారి కృషి ఫలించి, 1947లో మద్రాసు రాష్ట్రంలో ఆ ఆచారాన్ని నిషేధించే చట్టం వచ్చింది. అయితే దురాచారంతో పాటు, ఆ స్త్రీలు శతాబ్దాలుగా కాపాడిన విద్యను కూడా సమాజం చిన్నచూపు చూచింది. పదాలు పాడడం అప్రతిష్ఠ అని భావించిన కుటుంబాలు ఆ విద్యను తమ బిడ్డలకు నేర్పడం మానివేశాయి. నేర్చినవారు నేర్పకుండానే కన్నుమూశారు.

క్షేత్రయ్య తన లెక్కలో చెప్పిన పదాలు 4,500. నేడు లభిస్తున్నవి కొన్ని వందలు మాత్రమే. వాటిలోనూ సంప్రదాయసిద్ధమైన వరుసతో పాడగలిగినవి ఇంకా తక్కువ. మిగిలినవాటిని రక్షించడానికి పలువురు పండితులు శ్రమించారు. 1904లో వెలువడిన సంగీత సంప్రదాయ ప్రదర్శినిలో సుబ్బరామ దీక్షితులు కొన్ని పదాలను స్వరసహితంగా ప్రకటించారు. విస్సా అప్పారావు పదాలను సేకరించి సంకలనం చేశారు. 1994లో ఎ.కె. రామానుజన్, వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ క్షేత్రయ్య మొదలైన వారి పదాలను ఆంగ్లంలోకి అనువదించి అంతర్జాతీయ పాఠకులకు అందించారు.

ఉపసంహారం

క్షేత్రయ్య పేరు తెలుగునేలపై నేటికీ వినిపిస్తున్నది. విజయవాడలోని తుమ్మలపల్లి వారి కళాక్షేత్రం ఆయన పేరు ధరించి ఉంది. కూచిపూడి, భరతనాట్య కళాకారులు ఆయన పదాలను అభినయిస్తూనే ఉన్నారు. కాని పేరు నిలవడం వేరు, విద్య నిలవడం వేరు. పుస్తకంలో ఉన్న పదం సాహిత్యం మాత్రమే. దాని రాగం, దాని నడక, పంక్తికీ పంక్తికీ నడుమ ఉండే మౌనం గురువు ఎదుట కూర్చుండి నేర్చుకొంటే గాని రావు.

ఒక పదకర్త తన పాటను కళాకారుల చేతిలో నమ్మకంతో పెట్టాడు. సమాజంలో గౌరవం లభించినప్పుడూ, లభించనప్పుడూ ఆ స్త్రీలు దానిని జారవిడువక పట్టుకొన్నారు. మనకు మిగిలిన కొన్ని వందల పదాలు వారి ఋణం. ఒక్క పదాన్నయినా శ్రద్ధగా విని, దాని అర్థాన్ని, రాగాన్ని తెలుసుకోవడం ఆ ఋణం తీర్చుకొనే మార్గాలలో మొదటిది.

అభ్యాసం

అ. ఈ క్రింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు వ్రాయండి.
1. క్షేత్రయ్య పదం స్వరూపాన్ని, అందులో కళాకారులకు గల పాత్రను వివరించండి.
2. క్షేత్రయ్య అనంతరం ఆయన పదాలు ఎలా నిలిచాయో, ఎందుకు కొన్ని నశించాయో విశదీకరించండి.

ఆ. ఈ క్రింది ప్రశ్నలకు ఐదు పంక్తులలో సమాధానాలు వ్రాయండి.
1. మోహనాంగి కథ వలన మనం గ్రహించవలసిన భావం ఏమిటి?
2. తంజావూరు పండితులకు క్షేత్రయ్య ఎలా సమాధానం చెప్పాడు?
3. కూచిపూడి నాట్యానికీ, క్షేత్రయ్య పదానికీ గల పోలిక ఏమిటి?

ఇ. ఈ క్రింది ప్రశ్నలకు ఏకవాక్యంలో సమాధానాలు వ్రాయండి.
1. క్షేత్రయ్య అసలు పేరు ఏమిటి?
2. ముద్ర అంటే ఏమిటి?
3. కలహాంతరిత అని ఏ నాయికను అంటారు?
4. వీణ ధనమ్మాళ్‌కు క్షేత్రయ్య పదాలు నేర్పిన విద్వాంసుడు ఎవరు?